పొయ్యి ఇంటిపేరు కుర్రాడు

మా వాడు ఆరు వారాల పాటు నాతో సరిగ్గా మాట్లాడలేదు. "అన్నం పెట్టు", "డబ్బులు కావాలి", "ఊఁ". అంతే. తప్పు నాదే కాబట్టి ముందే ఒప్పేసుకుంటున్నాను.

వాడు ఇంటర్ రెండో ఏడు, ఎంపీసీ. మొదటి నెల పరీక్షలో మార్కులు తగ్గాయని కాలేజీ వాళ్ళు పిలిచి నాకు క్లాసు పీకారు. ఆ మంటతో ఇంటికొచ్చి, వాడి మంచం కింద ఉన్న జపాన్ బొమ్మల పుస్తకాలు పదకొండూ పాత పేపర్ల అబ్బాయికి తూకానికి వేసేశాను. పుట్టినరోజు డబ్బులు, పండగ డబ్బులు దాచుకుని ఒక్కొక్కటే కొనుక్కున్న పుస్తకాలవి. సాయంత్రం వచ్చి మంచం కింద చూశాడు. ఏడవలేదు, అరవలేదు. తలుపు దగ్గరగా వేసుకున్నాడు.

మా వారిది రాత్రి షిఫ్టు. అమెరికా వాళ్ళు నిద్ర లేచాక ఈయన పని మొదలవుతుంది. తెల్లవారుజామున క్యాబ్ దించి వెళ్తుంది. కొండాపూర్‌లో ఇలాంటి ఇళ్ళు ప్రతి అంతస్తులోనూ ఉంటాయి. ముగ్గురం కలిసి కూర్చుని తినేది ఆదివారం మధ్యాహ్నం ఒక్కపూటే. ఇక మిగతా రోజులన్నీ నేనూ, ఆ మూసిన తలుపూ.

ఆగస్టు చివర్లో ఒక రాత్రి, అన్నం పెడుతూ అడిగేశాను. "ఆ పుస్తకాల్లో ఏముందిరా అంత?" చాలాసేపు ప్లేటులో వేలితో గీతలు గీశాడు. "ఒక్క ఎపిసోడ్ చూడు. పందొమ్మిదోది. తర్వాత తిట్టుకో" అన్నాడు.

చూశాను. కత్తి పట్టిన కుర్రాడొకడు, తెల్లటి జుట్టున్న పిల్ల రాక్షసుడొకడు, అడవి, చీకటి, దారాలు. మొదటిసారి నాకేమీ అర్థం కాలేదు. కానీ చివర్లో ఎందుకో గొంతు పట్టేసింది. మర్నాడు వాడు కాలేజీకి వెళ్ళాక మొదటి ఎపిసోడ్ నుంచి మొదలుపెట్టాను. డిగ్రీలో తెలుగు చదివిన అలవాటు కదా, కథ నచ్చితే దాని వెనకాల ఏముందో తవ్వకుండా ఉండలేను. ఆ తవ్వకమే ఈ వ్యాసం.

కథ పేరు డీమన్ స్లేయర్. రాసి, బొమ్మలు గీసింది కొయోహారు గొతోగె అనే కలం పేరున్న రచయిత. 2016 ఫిబ్రవరి నుంచి 2020 మే దాకా జపాన్‌లో ఒక వారపత్రికలో ధారావాహికగా వచ్చింది. మొత్తం 23 పుస్తకాలు. 2019 ఏప్రిల్‌లో టీవీకి తెచ్చారు. మా వాడు చూపించిన పోరాటం అక్కడ 2019 ఆగస్టు 10న ప్రసారమైంది.

కుర్రాడి పేరు తంజిరో. ఇంటిపేరు కమాదో. ఆ ఇంటిపేరుకు అర్థం వెతికి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. జపాన్ భాషలో కమాదో అంటే వంట పొయ్యి! పాత ఇళ్ళలో మట్టితో మెత్తి కట్టుకునే పొయ్యి. తంజిరోలో మొదటి అక్షరం 'తన్' అంటే బొగ్గు. కొండ మీద కట్టెలు కాల్చి బొగ్గు చేసి, ఊళ్ళోకి మోసుకెళ్ళి అమ్ముకునే ఇంటి పెద్ద కొడుకు వాడు. రాజకుమారుడు కాదు, వీరుల వంశం కాదు. మా అమ్మమ్మ కుంపటికి బొగ్గులు తెచ్చిపోసే మనిషి ఉండేవాడు, భుజాన గోనెసంచీ, గోళ్ళ నిండా నలుపు. నాకు ఆయనే గుర్తొచ్చాడు. అలాంటి ఇంటి పిల్లవాడు ఒకరోజు బొగ్గులమ్మి తిరిగొచ్చేసరికి తల్లీ, తమ్ముళ్ళూ, చిన్న చెల్లెలూ రక్తపు మడుగులో ఉన్నారు. ప్రాణంతో మిగిలిన చెల్లెలు నెజుకో కూడా రాక్షసిగా మారిపోయింది. ఆ చెల్లెల్ని మళ్ళీ మనిషిని చేసుకోవడానికే వాడు కత్తి పట్టాడు.

కథ జరిగే కాలం తైషో యుగం. 1912 నుంచి 1926 దాకా. మన గురజాడ కన్నుమూసిన 1915 ఆ యుగంలోదే. రైళ్ళొచ్చాయి, పట్నాల్లో కరెంటు దీపాలొచ్చాయి. కత్తుల కాలం అప్పటికే వెళ్ళిపోయింది. జపాన్‌లో 1868లో షోగున్ల పాలన పోయి చక్రవర్తి పాలన వచ్చింది. 1876లో సైనికులు, పోలీసులు, అధికార లాంఛనాలు ఉన్నవాళ్ళు తప్ప ఎవరూ బయట కత్తి ధరించకూడదని ఆజ్ఞ వేశారు. తరతరాలుగా నడుముకు రెండు కత్తులు దోపుకుని తిరిగిన సమురాయ్‌లు కూడా ఆ రోజుతో మామూలు మనుషులైపోయారు. అందుకే ఈ కథలో పిల్లలు స్టేషన్‌లో పోలీసుల్ని చూసి కత్తులు దాచుకుని పరిగెడతారు. రాక్షసుల్ని చంపే వాళ్ళ దళానికి ప్రభుత్వ గుర్తింపు లేదు, జీతం రాళ్ళు తప్ప పేరు లేదు. లోకం ముందుకు వెళ్ళిపోయింది కానీ చీకట్లో రాక్షసులు అలాగే ఉన్నారు.

ఇక ఆ పోరాటం. నతగుమో అనే కొండ మీద జరుగుతుంది. 'కుమో' అంటే సాలెపురుగు. మాట వెనక చేరేసరికి 'గుమో' అయింది. మన గసడదవాదేశ సంధి జపాన్ దాకా వెళ్ళిందని తెలిసి భలే సంబరపడ్డాను. మా వాడికి చెబితే ఆరు వారాల్లో మొదటిసారి నవ్వాడు.

ఆ కొండ మీద సాలెపురుగు రాక్షసుల కుటుంబం ఉంటుంది. అమ్మ, నాన్న, అన్న, అక్క. అందరిలోకీ చిన్నవాడు రూయి. కానీ అందరూ వణికేది వాడికే. ఎందుకంటే ఆ కుటుంబం పుట్టింది కాదు, వాడు కట్టింది. దిక్కులేని రాక్షసుల్ని పోగేసి, తన బలం కాస్త పంచిపెట్టి, తన పోలికలు వచ్చేలా ముఖాలు మార్పించి, నువ్వు అమ్మవి, నువ్వు నాన్నవి అని పాత్రలు పంచాడు. పాత్ర సరిగ్గా చెయ్యకపోతే శిక్ష. అమ్మ పిల్లల్ని కాపాడాలి, కాపాడలేదా, నువ్వు అమ్మవే కాదు. అందులో అమ్మ వేషం వేసిన రాక్షసి ఉంది చూశారూ, ఆమెను తలుచుకుంటే నాకిప్పటికీ అదోలా ఉంటుంది. తంజిరో కత్తెత్తేసరికి ఆమె పారిపోదు, చేతులు చాచి తల ఒగ్గుతుంది. చచ్చిపోతే ఈ అమ్మ పని తప్పుతుంది కదా అని! అది చూసి కుర్రాడు చివరి క్షణంలో దెబ్బ మార్చేస్తాడు. నొప్పి తెలియకుండా ప్రాణం పోయే దెబ్బ అది. ఆ దెబ్బ పేరుకు అర్థం కరువు తర్వాత కురిసే వాన.

ఈ సాలెపురుగును రచయిత గాల్లోంచి తేలేదు. జపాన్‌లో చాలా పాత రాక్షసుల్లో ఒకటి 'త్సుచిగుమో', అంటే మట్టి సాలెపురుగు. మినమొతొ నొ యొరిమిత్సు అనే వీరుడు నిజంగానే బతికినవాడు, 948 నుంచి 1021 దాకా. ఆయన మీద అల్లుకున్న కథల్లో ఒకటిది. ఆయనకు ఎంతకీ తగ్గని జ్వరం వస్తుంది. రాత్రి ఒక సన్యాసి మంచం దగ్గరికొచ్చి మీద దారాలు విసురుతాడు. యొరిమిత్సు తలగడ దగ్గరున్న కత్తి దూసి వేటు వేస్తాడు. తెల్లారాక నెత్తుటి మరకల వెంట వెళ్తే పెద్ద సాలెపురుగు. ఆ కత్తి పేరు అంతకుముందు హిజమారు, ఆ తర్వాత కుమోకిరి, అంటే సాలెపురుగును కోసినది. నో నాటకంలో ఈ కథ ఆడేటప్పుడు రాక్షస వేషగాడు సన్నటి కాగితపు దారాలు గుప్పిళ్ళతో విసురుతాడు. రంగస్థలమంతా తెల్లటి వల పరుచుకుంటుంది. రూయి వేళ్ళ మధ్య ఉన్న దారాల ఆటకు ముత్తాత అదేననిపించింది.

ఇంకా వెనక్కి వెళ్తే కథ మారిపోతుంది. 712లో రాసిన కొజికి జపాన్ వాళ్ళ మొట్టమొదటి పెద్ద గ్రంథం. అందులో మట్టి సాలెపురుగులంటే పురుగులు కారు, మనుషులు. రాజుకు లొంగని కొండజాతుల వాళ్ళకు పెట్టిన పేరది. మొదటి చక్రవర్తిగా చెప్పే జిమ్ము వాళ్ళను విందుకు పిలుస్తాడు. ఒక్కొక్కరికీ ఒక్కో వడ్డన మనిషిని పెట్టి, పాట వినగానే నరకమని చెబుతాడు. అన్నం పెట్టి చంపించాడన్నమాట. కొన్ని వందల ఏళ్ళు గడిచేసరికి చచ్చిపోయిన ఆ మనుషులు కథల్లో ఎనిమిది కాళ్ళ పురుగులైపోయారు. గెలిచినవాడు కథ చెబితే ఓడినవాడికి కోరలు మొలుస్తాయి. మన పురాణాల్లో రాక్షసులెవరన్న అనుమానం మనకూ కొత్త కాదు కదా.

రూయి కూడా ఒకప్పుడు మనిషే. పుట్టుకతోనే రోగిష్ఠి, నాలుగడుగులు నడిస్తే ఆయాసం. రాక్షసరాజు వచ్చి గట్టి ఒళ్ళు ఇస్తానంటే సరేనన్నాడు. ఒళ్ళు గట్టిపడింది కానీ మనుషుల్ని తినకుండా ఉండలేకపోయాడు. కొడుకు మనిషిని చంపాడని తెలిసి తండ్రి కత్తి తీశాడు. తల్లి పక్కన కూర్చుని ఏడ్చింది. నన్ను ప్రేమిస్తే ఎందుకు చంపుతారని వాడు ఇద్దర్నీ చంపేశాడు. ప్రాణం పోతూ తల్లి గట్టి ఒంటితో కనలేకపోయానని వాడికే క్షమాపణ చెప్పుకుంది. కొడుకు పాపంలో పాలు పంచుకుని వాడితో పాటు తామూ చచ్చిపోదామని వాళ్ళు అనుకున్నారని వాడికి తర్వాత అర్థమైంది. నిజమైన దారాన్ని తన చేత్తోనే తెంపుకున్నాడు. అప్పటినుంచి భయంతో దారాలు పేనుతూనే ఉన్నాడు.

వాడికి తంజిరో ఎదురయ్యాడు. వీపు మీద పెట్టెలో చెల్లెలు. దెబ్బ పడబోతుంటే ఆ పిల్ల పెట్టెలోంచి దూకి అన్నకు అడ్డం పడింది. రూయి చూసి ఆశ్చర్యపోయాడు. ఎవరూ బెదిరించకుండానే అడ్డం పడిందే! ఆ చెల్లెల్ని నాకిచ్చెయ్, నిన్ను వదిలేస్తానన్నాడు. అప్పటికే కుర్రాడి కత్తి వాడి దారానికి తగిలి విరిగిపోయింది.

ఇక అయిపోయిందనుకున్నప్పుడు తంజిరోకు గుర్తొచ్చేది గురువు నేర్పిన విద్య కాదు, నాన్న. పొయ్యినీ బొగ్గునీ నమ్ముకున్న ఆ ఇల్లు ఏటా కొత్త సంవత్సరం మొదట్లో అగ్నిదేవుడికి నాట్యం చేస్తుంది. చీకటి పడింది మొదలు తెల్లవారేదాకా, మంచులో. తండ్రి జబ్బు మనిషి. అయినా ఊపిరి ఎలా తీసుకోవాలో తెలిస్తే ఎంతసేపైనా ఆడొచ్చని పసివాడికి చెప్పాడు. ఆ నాట్యపు అడుగులే ఇప్పుడు కత్తి వేట్లవుతాయి.

ఈ నాట్యాన్ని కగురా అంటారు. దేవుళ్ళ ముందు ఆడేది. గుహలో దాక్కున్న సూర్యదేవతను బయటికి రప్పించడానికి అమె నొ ఉజుమె అనే దేవత చిందులేసిందని, కగురా అక్కడే పుట్టిందని వాళ్ళ నమ్మకం. ఆ కథ కూడా కొజికిలో ఉంది. ఇవాటే ప్రాంతంలోని హయచినె కగురాను యునెస్కో 2009లో వారసత్వ జాబితాలో చేర్చింది. పొయ్యికి వాళ్ళకు దేవుడున్నాడు, గుళ్ళున్నాయి. ఫుకువొకా దగ్గర దజైఫులో కమాదో పేరుతోనే ఒక గుడి ఉంది. ఈ కథ వచ్చాక అభిమాన పిల్లలు అక్కడికి యాత్రలకు పోతున్నారట. మనం మాత్రం తక్కువా? పాలు పొంగించకుండా ఏ కొత్తింట్లోనైనా దిగామా?

చెల్లెలి సంగతి మర్చిపోకూడదు. దారాలకు వేలాడుతూ స్పృహ తప్పిన నెజుకోకు చనిపోయిన తల్లి కనిపించి, అన్నను కాపాడమని ఏడుస్తుంది. ఆ పిల్ల నెత్తురు దారాల పొడుగునా నిప్పై అంటుకుంటుంది. దారాలు కాలిపోతాయి. ఒక పక్క తండ్రి నేర్పిన నాట్యం, ఇంకో పక్క తల్లి పిలుపు. పొయ్యి ఇంటిపేరున్న పిల్లలిద్దరూ నిప్పుతోనే బయటపడతారు. నేను కళ్ళు తుడుచుకుంది అక్కడే.

రూయి తల తెగిపడుతుంది. కానీ వాడు చావలేదు. కత్తి తగలడానికి ఒక్క క్షణం ముందే తన తల తనే దారంతో కోసేసుకున్నాడు! చివరికి గియు అనే పెద్ద వీరుడొచ్చి వాడి పని ముగిస్తాడు. మా వాడు ఇక్కడ ఆపి, "అమ్మా, చూశావా మోసం!" అన్నాడు. నేను "ఇందులో కొత్తేముందిరా, రాక్షసుడి ప్రాణం మెడలో ఎప్పుడుంది? చిలకలో కదా ఉండేది" అన్నాను. వాడికి చిలక సంగతి తెలియదు. పదిహేడేళ్ళు పెంచాను, బాలనాగమ్మ కథ చెప్పలేదు! నాకే సిగ్గేసింది.

ఆ రాత్రి చెప్పాను. బుర్రకథల్లో మాయల ఫకీరు, 1942లో వచ్చిన జెమినీ సినిమాలో మాయల మరాఠీ. బాలనాగమ్మను కుక్కగా మార్చి ఎత్తుకుపోతాడు. పసివాడుగా ఉన్న కొడుకు బాలవర్ధిరాజు పెరిగి పెద్దవాడై తల్లిని వెతుక్కుంటూ వెళ్తాడు. ఇక్కడా కుర్రాడే, ఇక్కడా రాక్షసుడే. కానీ కథ మలుపు తిరిగేది కత్తితో కాదు. వ్రతం పేరు చెప్పి ఏళ్ళ తరబడి ఫకీరును దూరంగా నిలబెట్టిన ఆ తల్లే, వాడి ప్రాణం ఎక్కడుందో తెలివిగా వాడి నోటితోనే చెప్పించింది. ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంది. ఆ సంగతి తెలిసింది కాబట్టే కొడుకు చిలకను పట్టగలిగాడు.

కథ విని మా వాడు కాసేపు ఆలోచించి, "మరి రూయి చిలక ఎక్కడుంది?" అన్నాడు. నేను చెప్పేలోపే వాడే అన్నాడు, "వాళ్ళమ్మా నాన్నా దగ్గర."

నిజమే. గియు వేటుకు వాడి ఒళ్ళు బూడిదవుతూ తంజిరో వైపు పాకుతుంది. తంజిరో ఆ చిన్న వీపు మీద చెయ్యి వేస్తాడు. ఆ వెచ్చదనం తగిలాకే వాడికి అన్నీ గుర్తొస్తాయి. అవతలి లోకంలో అమ్మానాన్నా నిలబడి ఉంటారు. నీతో పాటు నరకానికైనా వస్తామని వాడిని హత్తుకుంటారు. పోరాటంలో గెలిచినవాడు ఓడినవాడి వీపు నిమరడం నేనెక్కడా చూడలేదు.

ఇంత రాశాక నా సంగతి దాచుకోవడం న్యాయం కాదు. రూయి పాత్రలు పంచే చోట నాకు నా గొంతే వినిపించింది. "నీ వయసు పిల్లలు ఎలా చదువుతున్నారో చూడు." "మీ నాన్న రాత్రంతా ఎవరి కోసం మేలుకుంటున్నాడు?" "ఇంత చేసినా నీకు విలువ లేదు." రోజూ ఒక దారం. కొడుకు అంటే ఇలా ఉండాలి, ఉండలేదా, పదకొండు పుస్తకాలు తూకానికి. కాలేజీ వాళ్ళు నా మెడకు వేసిన దారాన్ని నేను వాడి మెడకు వేశాను. అడ్డం పడాల్సింది నేను. నేనే వేలు బిగించాను. వాడు నాకు ఆ ఎపిసోడే ఎందుకు చూపించాడో ఇంతవరకు అడగలేదు. అడిగే ధైర్యం లేదు.

"పుస్తకాలు వెయ్యడం తప్పేరా" అని మాత్రం చెప్పాను. వాడు "ఊఁ" అన్నాడు. కానీ ఆ రాత్రి తలుపు వెయ్యలేదు.

సెప్టెంబర్ 12న ఇదే కథ మీద తీసిన ఇన్ఫినిటీ క్యాజిల్ సినిమా మన దగ్గర తెలుగులో కూడా విడుదలైంది. ఆదివారం ముగ్గురం వెళ్ళాం. హాలు నిండా నలుపూ ఆకుపచ్చా గళ్ళ చొక్కాల పిల్లలు. తంజిరో తెలుగులో మాట్లాడుతుంటే కేకలు. మా వారు మొదటి అరగంట నిద్రపోయారు, తర్వాత లేచి "ఎవరు వీడు, ఎందుకు ఏడుస్తున్నాడు?" అని నన్ను అడగడం మొదలుపెట్టారు. నేను చెబుతుంటే మా వాడు అటుపక్క నుంచి సరిదిద్దుతున్నాడు. వెనక సీటు వాళ్ళు ఉష్ అన్నారు.

మొదటి పుస్తకం ఒక్కటి మళ్ళీ కొనిచ్చాను. పదకొండూ ఒకేసారి కొనేస్తే లంచంలా ఉంటుందనిపించింది. మార్కులు పెద్దగా పెరగలేదు. కాలేజీ నుంచి మొన్న మళ్ళీ ఫోనొచ్చింది. విన్నాను, సరేనన్నాను, పెట్టేశాను. వాడికి చెప్పేటప్పుడు "నాన్నకి తెలిస్తే" అన్న మాట నాలిక చివరి దాకా వచ్చింది. మింగేసి, "రేపు ఆ లెక్కలు ఏవి రావట్లేదో చూపించు, నాకు అర్థం కాకపోయినా పక్కన కూర్చుంటాను" అన్నాను.

వంటింట్లో బల్ల మీద పుస్తకం పెట్టుకుని కూర్చున్నాడు. స్టవ్ మీద పప్పు ఉడుకుతోంది. "అమ్మా, ఆ ఫకీరు కథలో నాన్న పాత్ర ఏంటి?" అని అడిగాడు. ఆ రాజునూ ఫకీరు రాయిగా మార్చేశాడని, ఆయన ఒక్కడు ఏమీ చెయ్యలేకపోయాడని మొదలుపెట్టాను. లెక్కల పుస్తకం తెరిచే ఉంది. మూయమని నేను అనలేదు, వాడూ మూయలేదు.